ఏ బట్టకి ఏ సూది, ఏ కోతకి ఏ కుట్టు: కుట్టు మిషన్ సమగ్ర మార్గదర్శి

ఉతికాక జాకెట్టు లైనింగ్ కుంచుకుపోయిందని, జార్జెట్‌ని మిషన్ మింగేస్తోందని, టీషర్టు మీద కుట్టు తప్పుతోందని అడిగేవాళ్ళే ఎక్కువ. అందరి అనుమానమూ మిషన్ మీదే. నిజానికి ఈ మూడింటిలో ఏ ఒక్కటీ సాధారణంగా మిషన్ తప్పు కాదు. మొదటిది బట్ట తడపకపోవడం, రెండోది సూదీ ప్లేటూ సరిపోకపోవడం, మూడోది సూది రకం. మెకానిక్‌ని పిలిచేలోగా ఈ వరసలో ఒకసారి చూసుకోండి.

1. ముందు మిషన్

ఫుట్ (బట్టని నొక్కిపట్టే పాదం) ఎత్తి, సూది తీసి, పళ్ళ (బట్టని కింది నుంచి జరిపేవి) మీది ప్లేటు విప్పండి. పళ్ళ మధ్య అట్టలా పేరుకున్న దూదిని పాత టూత్‌బ్రష్‌తో లాగేయండి. నూలు బట్టలు కుట్టేవాళ్ళకి వారానికోసారి ఈ పని తప్పదు. షటిల్ (కింది దారాన్ని పట్టి ఉంచే భాగం) తిరిగే గాడిలో ఇరుక్కున్న దారం ముక్క కూడా తీసేయాలి.

తర్వాత నూనె. మిషన్ నూనె మాత్రమే వాడాలి, ఒక్కో రంధ్రంలో ఒక్కో చుక్క. కోనసీమ ఇళ్ళలో కొబ్బరినూనె ఎప్పుడూ చేతికందే చోట ఉంటుంది కాబట్టి చెయ్యి దానిమీదికే పోతుంది. అది చలికి పేరుకుంటుంది, కొన్నాళ్ళకి జిగురై దూదిని పట్టేస్తుంది, మిషన్ బరువెక్కుతుంది. ఇప్పటికే పోసేసి ఉంటే మిషన్ నూనె రెండు మూడుసార్లు ధారాళంగా పోసి, బట్ట లేకుండా తిప్పి, కారిన మడ్డి తుడిచేయాలి. నూనె వేశాక పనికిరాని గుడ్డ మీద ఒక నిమిషం కుట్టందే మంచి బట్ట పెట్టకండి.

గోదావరి డెల్టా గాలిలో తడి ఎక్కువ, సముద్రం దగ్గరయ్యేకొద్దీ ఉప్పు కూడా. సూదులు కాగితం పొట్లంలో వదిలేస్తే వానాకాలంలో తుప్పు చుక్కలు పడతాయి. ఆ చుక్క పట్టుని చీరుస్తుంది, తెల్లబట్ట మీద మరక పెడుతుంది. మూత గట్టిగా పడే చిన్న డబ్బాలో, మందు సీసాల్లో వచ్చే తేమ పీల్చే పొట్లం ఒకటి వేసి దాచండి. తొక్కుడు మిషన్ తోలు బెల్టు కూడా వానల్లో సాగి జారుతుంది. ఒక సెంటీమీటరు కత్తిరించి మళ్ళీ కలిపితే సరి.

సూది పెట్టేటప్పుడు ఒకే గుర్తు: సూదికి ఒక పక్క నిలువునా పొడవు గాడి ఉంటుంది, దారం ఆ పక్క నుంచే ఎక్కాలి. సూదిని పైదాకా నెట్టి మరీ స్క్రూ బిగించండి. ఒక వెంట్రుకవాసి కిందికి ఉన్నా కుట్టు తప్పుతుంది. ఇంటి మిషన్ సూదికి తల ఒక పక్క చదునుగా ఉంటుంది. కొన్ని టైలర్ మిషన్ల సూదికి తల పూర్తిగా గుండ్రం. కొనబోయేటప్పుడు పాత సూదిని వెంట తీసుకెళ్ళండి.

2. బట్టని తడపడం

జాకెట్టు పాడయ్యేది ఎక్కువగా ఇక్కడే. కోనసీమ బండారులంక నేత నూలు, టూ బై టూ (జాకెట్లకి వాడే నూలు బట్ట), పాప్లిన్, కాటన్ లైనింగ్, ఇవన్నీ మొదటి ఉతుకులో మీటరుకి 3 నుంచి 5 సెంటీమీటర్ల దాకా కుంచుకోవచ్చు. పై బట్ట పట్టు, లోపల తడపని లైనింగ్ అయితే లైనింగ్ ఒక్కటే కుంచుకుంటుంది. పైపట్టుకి పోయే దారి లేక ముడతలు పడుతుంది. దానికి తర్వాత మందు లేదు. విప్పి కొత్త లైనింగ్ వేయాల్సిందే.

- నూలు బట్ట, లైనింగ్, లంగా గుడ్డ రాత్రంతా నీళ్ళలో నాననివ్వండి. రంగు పోయేవి విడిగా.
- బోరు నీళ్ళు ఉప్పగా ఉండే ఊళ్ళలో చివరి జాడింపు మంచినీళ్ళతో.
- పిండకుండా నీడన ఆరేసి, కాస్త తడి ఉండగానే ఇస్త్రీ.
- పట్టు తడపొద్దు, దానిమీద నీళ్ళు చిలకరించొద్దు. పైన నూలు గుడ్డ పరిచి తక్కువ వేడి మీద ఇస్త్రీ.
- నూలు లేసు కూడా తడపాలి. నరసాపురం లేసుని తడపకుండా చేతుల అంచుకి వేస్తే ఉతికాక చెయ్యి కుచ్చులా ముడుచుకుంటుంది.

కత్తిరించేముందు పడుగు ఎటు, పేక ఎటు అన్నది చూడండి. బట్ట అంచు వెంబడి పోయేది పడుగు. అటు లాగితే దాదాపు సాగదు. అడ్డంగా కొంచెం సాగుతుంది. ఏటవాలుగా, అంటే క్రాస్‌లో, బాగా సాగుతుంది. మెడ, చంక, కలీ (లంగాకి జోడించే ఏటవాలు ముక్క), అన్నిటి తంటా ఈ క్రాస్ దగ్గరే.

3. అయిదు సర్దుబాట్లు

బట్ట మారిందంటే సూది, దారం, కుట్టు పొడవు, టెన్షన్ (దారం బిగువు), ఫుట్ ఒత్తిడి అయిదూ చూసుకోవాలి. ఎక్కువమంది టెన్షన్ ఒక్కటే తిప్పి ఊరుకుంటారు. అది అన్నిటికన్నా చివర ముట్టుకోవాల్సింది.

కుట్టు పొడవు కొన్ని మిషన్లలో మిల్లీమీటర్లలో ఉంటుంది, కొన్నిట్లో అంగుళానికి ఎన్ని కుట్లన్న లెక్కలో. 2 మి.మీ. అంటే అంగుళానికి 12 లేదా 13 కుట్లు, 2.5 అంటే 10, 3 అంటే 8.

- షిఫాన్, జార్జెట్, పల్చటి పట్టు: సూది నంబరు 9 లేదా 11, కుట్టు 1.5 నుంచి 2 మి.మీ.
- టూ బై టూ, నేత నూలు, లైనింగ్: సూది 11 లేదా 14, కుట్టు 2 నుంచి 2.5.
- పాప్లిన్ లంగా, చుడీదార్ బట్ట: సూది 14, కుట్టు 2.5.
- జరీ అంచు పట్టు: సూది 14, కుట్టు 2.5.
- జీన్స్, కర్టెన్ గుడ్డ: సూది 16 లేదా 18, కుట్టు 3.
- సాగే బట్ట: మొన గుండ్రంగా ఉండే బాల్‌పాయింట్ సూది, 11 లేదా 14.

పల్చటి బట్టకి ఫుట్ ఒత్తిడి తగ్గించండి. పైన స్క్రూ వదులు చేస్తే చాలు. ఒత్తిడి ఎక్కువైతే పైపొర ముందుకి తోసుకుపోయి చివర్లో అరంగుళం మిగిలిపోతుంది.

బాబిన్ (కింది దారం చుట్టే చిన్న ఉండ) చుట్టేటప్పుడు నిదానంగా చుట్టండి. పాలిస్టర్ దారాన్ని జోరుగా చుడితే సాగి చుట్టుకుంటుంది. కుట్టాక మళ్ళీ కుంచుకుని కుట్టంతా ముడతలు పెడుతుంది. టెన్షన్ ఎంత తిప్పినా పోని ముడతకి చాలాసార్లు కారణం ఇదే.

4. ముక్క మీద పరీక్ష

కత్తిరించగా మిగిలిన అదే బట్ట ముక్క తీసుకోండి. రెండు పొరలు, లైనింగ్ వేసేదైతే లైనింగ్‌తో సహా. పైన ఎరుపు, కింద తెలుపు దారం పెట్టి ఒక జానెడు క్రాస్‌లో కుట్టండి.

పైన తెల్ల చుక్కలు కనిపిస్తే పై టెన్షన్ బిగువు. కింద ఎర్ర ఉచ్చులు కనిపిస్తే పై టెన్షన్ వదులు, లేదా దారం టెన్షన్ పళ్ళేల మధ్యకి పోలేదు. ఫుట్ దించి దారం ఎక్కిస్తే పళ్ళేలు మూసుకుని ఉంటాయి, దారం పైపైనే ఉండిపోతుంది. అందుకే ఎప్పుడూ ఫుట్ ఎత్తే దారం ఎక్కించాలి. కింద దారం గూడు కడితే చూడాల్సింది పై దారాన్ని.

బాబిన్ కేసుకి ఒక పరీక్ష ఉంది. దారం కొస పట్టుకుని కేసుని గాలిలో వేలాడదీయండి. కదలకుండా నిలవాలి. చేత్తో చిన్న కుదుపు ఇస్తే రెండు మూడు సెంటీమీటర్లు దిగి ఆగాలి. జర్రున జారిపోతే చిన్న స్క్రూ కొంచెం బిగించాలి, కుదిపినా దిగకపోతే వదులు చేయాలి. ఒకసారికి పావు చుట్టు కన్నా ఎక్కువ తిప్పొద్దు. ఆ స్క్రూ ఊడి నేలమీద పడితే వెతకడానికి పూట పడుతుంది.

5. బట్టల వారీగా

నేత నూలు. అంచుల్లో పోగులు ఊడతాయి, మార్జిన్ (కుట్టుకి బయట వదిలే బట్ట) ముప్పావు అంగుళం ఉంచండి. మిగతా అన్నిట్లోకీ చెప్పినట్టు వినే బట్ట ఇదే. కొత్తగా నేర్చుకునేవాళ్ళు దీంతో మొదలుపెట్టడం మేలు.

ఉప్పాడ జాందానీ. పల్చగా ఉంటుంది, బిగువుగా కుడితే చంక దగ్గర కుట్టు తెగదు గానీ పోగులు పక్కకి జరిగి జాలీలా విచ్చుకుంటుంది. దానికి మూడు జాగ్రత్తలు. లైనింగ్‌నీ పై బట్టనీ ముందే చుట్టూ కుట్టేసి ఒకే ముక్కగా వాడండి. పక్క మార్జిన్ అంగుళంన్నర వదలండి. కొలతలో వంటికి మరీ పట్టించకండి. గుండుసూదులు మార్జిన్ లోపలే గుచ్చాలి, బయట గుచ్చితే రంధ్రాలు మిగిలిపోతాయి. చంక గీత మీదో మెడ గీత మీదో బుటా పడితే, కత్తిరించేముందే గీత లోపలగా ఒక కుట్టు వేయండి. బుటా పోగులు విడివిడిగా నేసినవి, కోసిన చోట ఊడి వచ్చేస్తాయి.

జరీ అంచు పట్టు. జరీ సూదిమొనని అరగదీస్తుంది. పెద్ద అంచు జాకెట్టు ఒకటి అయ్యాక సూది మార్చేయండి. కుట్టేటప్పుడు టిక్ టిక్ అని చప్పుడొస్తే మొన పోయినట్టే. విప్పిన కుట్టు తాలూకు రంధ్రాలు పట్టు మీద పోవు, అందుకే ముందు చేత్తో కచ్చా కుట్టు వేసి, తొడిగి చూసి, ఆపైనే మిషన్ కుట్టు.

జార్జెట్, షిఫాన్. జారిపోయే బట్టని కుదురుగా ఉంచడానికి చవకైన ఉపాయం పల్చటి గంజి. ముందు ఒక మూల ముంచి రంగు చూడండి, బాగుంటే మొత్తం ముంచి, ఆరబెట్టి, ఇస్త్రీ చేస్తే కాగితంలా నిలుస్తుంది. కుట్టాక ఒక్క ఉతుకుతో గంజి పోతుంది. పట్టు జార్జెట్‌కి మాత్రం ఇది వద్దు. దానికి కింద న్యూస్‌పేపరు పరిచి పేపరుతో కలిపి కత్తిరించండి, కుట్టేటప్పుడూ కింద పల్చటి కాగితం పెట్టండి, తర్వాత చింపేయొచ్చు.

మిషన్ మింగడం, అంటే బట్ట ప్లేటు రంధ్రంలోకి పోవడం, జిగ్‌జాగ్ మిషన్లలో ఎక్కువ, వాటి ప్లేటు రంధ్రం వెడల్పు. నేరు కుట్టు ప్లేటు ఉంటే మార్చండి, లేకపోతే రంధ్రం మీద టేపు అంటించి సూదితో పొడవండి. మొదలెట్టేటప్పుడు రెండు దారాల కొసలూ వెనక్కి పట్టుకోండి, చివర రివర్స్ కుట్టు బదులు ముడి వేయండి.

అంచులకి మడత కుట్టు: మంచివైపులు బయటికి పెట్టి పావు అంగుళంలో కుట్టి, 3 మి.మీ. మిగిల్చి కత్తిరించి, తిరగేసి, మళ్ళీ పావు అంగుళంలో కుడితే పోగులన్నీ లోపలే ఉండిపోతాయి.

సాగే బట్ట. మామూలు సూది పోగుని చీల్చుకుని పోతుంది, బాల్‌పాయింట్ పోగుల మధ్యకి జారుతుంది. కుట్టు తప్పడం అక్కడితో ఆగుతుంది. పాలిస్టర్ దారం వాడండి. జిగ్‌జాగ్ ఉంటే వెడల్పు 1 లోపు, పొడవు 2.5. నేరు కుట్టు మాత్రమే ఉంటే సూదికి ముందూ వెనకా బట్టని సమంగా కొద్దిగా సాగదీసి పట్టుకుని కుట్టండి. కుట్టాక లాగి చూడండి, టప్‌మంటే పనికిరాదు.

జీన్స్. అంచు మడిచినప్పుడు పక్క కుట్టు దగ్గర గుట్టలా లేస్తుంది. ఫుట్ దానిమీదికి ఎక్కేటప్పుడు ముందుభాగం పైకి లేచి కుట్టు తప్పుతుంది, సూది విరుగుతుంది. ఆ గుట్టని సుత్తితో నాలుగు దెబ్బలు కొట్టి అణచండి. ఫుట్ వెనక భాగం కింద అదే మందం అట్టముక్క పెట్టి సమం చేయండి. అయిదారు కుట్లు చక్రాన్ని చేత్తో తిప్పండి.

రెక్సిన్‌కి గుండుసూదులు వద్దు, గుచ్చిన ప్రతి రంధ్రం ఉండిపోతుంది. కుట్టు 3.5, ఫుట్ అంటుకుంటే మధ్యలో పల్చటి కాగితం.

6. పొడుగు కింద, పొట్టి పైన

పళ్ళు కింది పొరనే ముందుకి లాగుతాయి. పైపొరని ఫుట్ వెనకే ఆపుతుంది. కాబట్టి కింద ఉన్న ముక్క కొంచెం సర్దుకుపోతుంది, పైన ఉన్నది కొంచెం సాగుతుంది. రెండు ముక్కలూ సమానమైతే ఇదొక బెడద, ముందే గుండుసూదులతో ఆపాలి. సమానం కానప్పుడు ఇదే సాయం: పొడుగు ముక్క, క్రాస్ అంచు ఉన్న ముక్క కింద పెట్టండి. పొట్టి ముక్క, నేరు అంచు ఉన్నది పైన. కింద చెప్పే ఆకారాలన్నిటికీ తాళంచెవి ఇదే.

7. ఆకారాల వారీగా

డాట్ (ఒంటి వంపుకి బట్టని మొనలా మడిచి వేసే కుట్టు). వెడల్పు వైపు నుంచి మొదలుపెట్టి మొన వైపు కుట్టాలి. ఆఖరి సెంటీమీటరులో కుట్టు పొడవు 1కి తగ్గించండి. మొన దగ్గర ఆఖరి మూడు నాలుగు కుట్లు మడత అంచుకి ఆనుకుని, పోగు పక్కన పోగులా పోయి, బట్ట దాటి బయటికి జారాలి. అక్కడ రివర్స్ వేయకండి, దారం కొసలు వదిలి ముడి వేయండి. మొన దగ్గర చిన్న బొడిపె లేస్తోందంటే కుట్టు ఏటవాలుగా దిగకుండా ఒక్కసారిగా మడతలోకి పోయిందన్నమాట. చివరి అంగుళం విప్పి, గీత మళ్ళీ గీసి కుట్టండి. ఆపైన డాట్‌ని గుండ్రంగా చుట్టిన తువ్వాలు మీద వేసి ఇస్త్రీ చేయాలి, బల్ల మీద పరిచి కాదు.

మెడ. కత్తిరించిన వెంటనే, వేరే పనిలోకి పోకముందే, అంచు నుంచి పావు అంగుళం లోపల చుట్టూ ఒక ఒంటి కుట్టు (ఒక్క పొర మీదే వేసేది) వేయండి. లోతు మెడ జాకెట్టు భుజాల మీంచి జారడానికి పెద్ద కారణం కుట్టేలోపే మెడ సాగిపోవడం. క్రాస్ పట్టీ వెడల్పు అంగుళంపావు, 45 డిగ్రీల వాలులో కోసింది. పట్టీ పైన, జాకెట్టు కింద. గుండ్రం దగ్గర పట్టీని కొద్దిగా లాగి పట్టండి, జాకెట్టుని ముట్టుకోవద్దు. కుట్టాక అరంగుళానికి ఒక గాటు, కుట్టుకి 2 మి.మీ. ఇవతల ఆపాలి. గాట్లు లేకపోతే తిరగేసినప్పుడు మెడ పలకలు పలకలుగా కనిపిస్తుంది.

చతురస్రం మెడ అయితే మూల దగ్గర అంటించే క్యాన్వాస్ చిన్న ముక్క వేయండి. మూలకి ముందూ వెనకా ముప్పావు అంగుళం కుట్టు 1.5కి తగ్గించి, సూది బట్టలో దించి ఉంచి, ఫుట్ ఎత్తి తిప్పండి. గాటు మూల కుట్టుకి ఒకటి రెండు పోగుల దూరం దాకా వెళ్ళాలి. భయపడి ముందే ఆపితే మూల ముడుచుకుంటుంది.

చంక, చెయ్యి. చేతి ముందు వైపు గుండ్రం ఎక్కువ లోతు. ముందుకి ఒక గాటు, వెనక్కి రెండు గాట్లు గుర్తు పెట్టుకోండి, ఎడమ కుడి తారుమారు కావు. చేతి పై గుండ్రం చంక కన్నా కొంచెం పొడుగు ఉంటుంది, ఉండాలి కూడా. దాని అంచు వెంబడి 4 మి.మీ. కుట్టు ఒకటి వేసి, దారం కొద్దిగా లాగితే గుండ్రం గిన్నెలా ఒంగుతుంది. భుజం మధ్యలో ఒక గుండుసూది, రెండు చంక చివర్లలో రెండు, మధ్యలో మరో నాలుగు. చెయ్యి కింద, జాకెట్టు పైన పెట్టి ఒక చివర నుంచి మరో చివరకి ఒకే ఊపులో కుట్టండి. పక్క కుట్లు ఆ తర్వాతే. చెయ్యి ఎత్తితే జాకెట్టు మొత్తం పైకి లేస్తోందంటే చంక మరీ కిందికి కోసినట్టు, కుట్టుది కాదు తప్పు.

ప్రిన్సెస్ కట్ (డాట్ బదులు నిలువు ముక్కలు కలిపి కుట్టే జాకెట్టు). మధ్య ముక్క అంచు లోపలికి ఒంగుతుంది, పక్క ముక్క బయటికి. మధ్య ముక్కకి ఒంటి కుట్టు వేసి, దానిదాకా గాట్లు పెట్టండి. అప్పుడది విచ్చుకుని పక్క ముక్క వంపుకి సరిపోతుంది. గాట్ల ముక్క పైన, పక్క ముక్క కింద.

ఆరు కలీల లంగా. ప్రతి జోడింపులో ఒక నేరు అంచు, ఒక క్రాస్ అంచు కలవాలి. క్రాస్ కింద. నడుము వైపు నుంచి కిందికి కుట్టండి, హెచ్చుతగ్గులు అడుగుకి పోతాయి, అక్కడ కత్తిరించి సరిచేయొచ్చు. రెండు క్రాస్ అంచులు కలిపితే ఆ కుట్టు వేలాడి లంగా ఒక పక్కకి తిరుగుతుంది.

అంబ్రెల్లా కట్ (గొడుగులా గుండ్రంగా విచ్చుకునే లంగా). లెక్క ఇలా: నడుము 28 అంగుళాలు, రెండు అర్ధవృత్తాల జోడు కుట్లకి 2 కలిపి 30. దాన్ని 6.28తో భాగిస్తే 4.78, అంటే 4¾. నడుము కుట్టు మార్జిన్ అరంగుళం తీసేసి 4¼ దగ్గర కోయాలి. ఈ అరంగుళం మర్చిపోయే నడుము వదులవుతుంది. పొడవు 36 అయితే అంచు మడతకి 1 కలిపి వ్యాసార్ధం 41¾, 44 అంగుళాల పన్నా (బట్ట వెడల్పు) సరిపోతుంది. బట్ట నాలుగుంబావు మీటర్లకి కాస్త అటూఇటూ, నాలుగున్నర తీసుకోండి. రాజమండ్రి తాడితోట బట్టల బజారులో తాను నుంచి కోయించేటప్పుడు పన్నా కొలిచి చూడండి, 44 అన్నది ఒక్కోసారి 42 ఉంటుంది.

కోసి, నడుము కుట్టాక, అంచు మడవకుండా హ్యాంగరుకి రెండు రాత్రులు వేలాడదీయండి. క్రాస్ భాగాలు దిగుతాయి. అప్పుడు తొడిగించి నేల నుంచి స్కేలుతో చుట్టూ గుర్తు పెట్టి కత్తిరించండి. అంచు మడత పావు అంగుళం మించొద్దు.

పరికిణీ కుచ్చులు. నడుముకి రెండున్నర నుంచి మూడు రెట్లు బట్ట. 4 మి.మీ. కుట్టు, పై టెన్షన్ వదులు, రెండు వరసలు అరంగుళం ఎడంగా. బాబిన్ దారాలు రెండూ కలిపి లాగండి. అసలు కుట్టు ఆ రెండు వరసల మధ్యలో పడాలి. ఒక్క వరసతో లాగితే కుచ్చులు పడుకుంటాయి.

8. చిక్కులు, మందులు

- దారం మాటిమాటికీ తెగుతోంది: సూది మొన, దారం ఎక్కించిన దారి, ప్లేటు రంధ్రం అంచులో గీరు, ఈ వరసలో చూడండి. దారం చేత్తో లాగితే సులువుగా తెగితే అది పాతబడింది.
- కుట్టు తప్పుతోంది: కొత్త సూది. అప్పటికీ పోకపోతే సూది పైదాకా ఎక్కిందో లేదో, గాడి ఏ పక్క ఉందో.
- మొదట్లోనే కింద ఉండ కడుతోంది: ఫుట్ ఎత్తి దారం మళ్ళీ ఎక్కించండి, కొసలు పట్టుకోండి.
- సూది వంగుతోంది, విరుగుతోంది: బట్టని వెనక నుంచి లాగుతున్నారు. లాగే పని పళ్ళది, మీ చేతులది దారి చూపడమే.
- ఒక పొర చివర్లో మిగులుతోంది: ఫుట్ ఒత్తిడి తగ్గించండి, మధ్యలో గుండుసూదులు పెంచండి.
- మిషన్ బరువుగా తిరుగుతోంది: షటిల్ గాడిలో దారం ముక్క ఉందేమో ముందు చూసి, ఆపైన నూనె.
- బట్ట కదలడం లేదు: పళ్ళ మధ్య దూది, లేదా కుట్టు పొడవు సున్నాకి పోయింది. బటన్లు కుట్టడానికి పళ్ళు దించేసి మర్చిపోవడం కూడా తరచూ జరిగేదే.